దేవుడి వైపు తిరగాలంటే ముందు ఏ వీధిలోకి తిరగాలి

ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల తపస్సుకాలం దగ్గర పడుతోందంటే మా విచారణలో, అంటే మా కథోలిక గుడి పరిధిలో, పెద్దలంతా ఒకసారి కూర్చుంటాం. సిలువ మార్గం ఏ శుక్రవారం ఏ వీధివాళ్ళు నడిపించాలి, ధ్యానకూటానికి బయట నుంచి ఏ ఫాదర్ గారిని పిలవాలి, మైకు సెట్టు ఎవరిది, భోజనాలకి ఎన్ని విస్తళ్ళు. ఇవన్నీ తేలాక ఎవరో ఒకరు ఆ మాట అంటారు. "జనం మనసులు దేవుడికి దూరమైపోయాయండీ. మళ్ళీ ఆయన వైపు తిప్పాలి." అందరం తలలూపుతాం. కుర్రాళ్ళు ఫోన్లలో మునిగిపోయారని ఒకరంటారు. హైదరాబాద్, చెన్నై పనులకి వెళ్ళినవాళ్ళు క్రిస్మస్‌కి తప్ప గుడి మెట్లెక్కడం లేదని ఇంకొకరంటారు. నేనూ చాలాసార్లు అన్నాను. నా కొడుకుని మనసులో పెట్టుకునే అన్నాను.

ఇప్పుడా మాట వింటే నాకు లోపల గుచ్చుకుంటుంది. మాట తప్పని కాదు. అందులో "జనం" అంటే ఎప్పుడూ అక్కడ కూర్చోని వాళ్ళే. మనసు తిప్పుకోవలసింది వాళ్ళు, తిప్పవలసింది మనం. కొన్నేళ్ళు నేను ఆ తిప్పేవాళ్ళ వరసలోనే కూర్చున్నాను. అక్కడ కూర్చున్నన్నాళ్ళూ నా ప్రార్థన పుస్తకంలో ఒక చీటీ ఉండేది. ఆ చీటీ సంగతి చెప్పకుండా నేను ఈ విషయం మీద ఏం రాసినా అది నిజం కాదు.

మాది పలాస దగ్గర పల్లె. 2018 అక్టోబర్ 11న తెల్లవారకముందే తిత్లీ తుఫాను మా మీదుగానే తీరం దాటింది. మా ఉద్దానం ప్రాంతమంతా కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. కూలి చేసుకునేవాళ్ళకి పని పోయింది, తోట ఉన్నవాళ్ళకి తోట పోయింది. మా డ్వాక్రా సంఘంలో నేను రెండో లీడర్ని. ఇంటర్ వరకూ చదివానని పుస్తకం రాసే పని నాకే ఇచ్చారు. తుఫాను తర్వాత కరెంటు రాని ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా వెనక వీధిలో ఉండే వదిన వచ్చి ఆ నెల కిస్తీ 1,500 రూపాయలు నా చేతిలో పెట్టింది. ఆవిడ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. అందరి కంటే ముందు తెచ్చి కట్టేసింది. కొవ్వొత్తి వెలుగులో పుస్తకం తియ్యడం ఎందుకని ఒక చీటీ మీద పేరు, డబ్బు, తారీఖు రాసి ఎక్కడో దోపాను. తర్వాత మర్చిపోయాను.

మీటింగు రోజున లెక్క తగ్గింది. "నీ చేతికే ఇచ్చాను కదొదినా" అంది ఆవిడ. పదిమంది నా వైపు చూశారు. నాకు చెమట పట్టింది. ఆ టెన్షన్‌లో నేనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "పుస్తకం అబద్ధం చెబుతుందా?" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. వారం తిరక్కుండా మళ్ళీ 1,500 తెచ్చి కట్టింది. అప్పు తీరాక సంఘం మానేసింది.

2020లో లాక్‌డౌన్‌లో నా కొడుకు ఇంట్లో ఉన్నాడు. ఖాళీగా కూర్చోలేక అటక మీద సామాను సర్దుతుంటే పాత పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవర్లో వాడికి ఆ చీటీ దొరికింది. "ఇది చూడమ్మా" అని తెచ్చి ఇచ్చాడు. నా చేతిరాతే. తీసుకుని, "అక్కడ పెట్టు, నేను చూసుకుంటాలే" అన్నాను. వాడప్పుడు పదహారేళ్ళ కుర్రాడు. ఇంకోసారి అడగలేదు. నేను ఆ చీటీని ప్రార్థన పుస్తకంలో, పాపసంకీర్తనానికి, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, ముందు చెప్పుకునే జపం ఉన్న పేజీలో పెట్టాను. అక్కడే ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

ఆ తర్వాత మూడేళ్ళు నేను పూజలో ఇచ్చే అప్పం, దివ్యసత్ప్రసాదం, తీసుకోని ఆదివారం లేదు. ఏటా పాపసంకీర్తనం చేశాను. "నోటి మాటతో ఇతరుల్ని నొప్పించాను ఫాదర్" అనేదాన్ని. అబద్ధం కాదు, నిజమూ కాదు. మరియమ్మకి చెప్పే మంగళవార్త జపాలు మూడు చెప్పుకోమనేవారు, చెప్పుకుని ఇంటికి వచ్చేసేదాన్ని. ఈస్టర్ ముందు వారం వరసలో అరవై, డెబ్బై మంది ఉంటారు. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు దొరికితే గొప్ప. అందులో ఏ గురువునైనా ఏమని తప్పు పట్టను? ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2022 ధ్యానకూటంలో, పాటలు పెద్దగా మోగుతుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కనున్న సిస్టర్ గారు నా తల మీద చెయ్యి వేసి ప్రార్థించారు. ప్రభువు నా మనసు మార్చాడని ఇంటికొచ్చి మావారితో చెప్పాను. చీటీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అందుకే ధ్యానకూటంలో ఎంతమంది ఏడ్చారు అన్నదాన్ని బట్టి మనసులు తిరిగాయని లెక్కకట్టడం నేను మానుకున్నాను. ఆ కన్నీళ్ళు దొంగవని అనను, నావీ దొంగ కన్నీళ్ళు కావు. మనసు కరిగింది, అంతే. కరగడం వేరు, తిరగడం వేరు.

తిరగడం అన్న మాట దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మన భాషే ఇక్కడ మనకి పాఠం చెబుతోంది. పాత నిబంధన ప్రవక్తలు దేవుడి దగ్గరకి రమ్మని ప్రజల్ని పిలిచినప్పుడు వాడిన హీబ్రూ మాటకి మామూలు అర్థం వెనక్కి తిరిగి నడిచి రావడమే. దారి తప్పినవాడు వచ్చిన దారినే మళ్ళీ పట్టుకోవడం. తెలుగులో "తిరిగి" అంటే తిరిగి రావడమే కాదు, తిరిగి ఇవ్వడం కూడా. రెండూ ఒకే మాటలో ఉన్నాయి. లూకా సువార్త 15వ అధ్యాయంలో ఆస్తి వాటా తీసుకుని ఇల్లు విడిచిపోయిన చిన్న కొడుకు పందుల దొడ్డిలో కూర్చుని తండ్రిని తలుచుకున్నాడు. కానీ అక్కడే కూర్చుని తలుచుకుంటూ ఉండిపోలేదు. లేచి నడిచాడు. అదే సువార్త 19వ అధ్యాయంలో సుంకాలు వసూలు చేసే జక్కయ్య సంగతి ఇంకా తేట. యేసు ఆయన ఇంటికి వచ్చాడు. జక్కయ్య నిలబడి ఆస్తిలో సగం పేదలకి ఇస్తానన్నాడు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఈ ఇంటికి ఇవాళ రక్షణ వచ్చిందని యేసు ఆ తర్వాతే అన్నాడు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సిద్ధాంతం కాదు. శ్రీసభ, అంటే కథోలిక చర్చి, మొదటి నుంచీ చెబుతున్నదే. 1992లో వెలువడిన బోధన పుస్తకం కథోలిక సత్యోపదేశం ఇది సూటిగా చెబుతుంది. చాలా పాపాలు పొరుగువాడికి నష్టం చేస్తాయి. దొంగిలించినది తిరిగి ఇవ్వాలి, పాడుచేసిన పేరు నిలబెట్టాలి, దెబ్బకి పరిహారం కట్టాలి. మామూలు న్యాయమే ఇంత అడుగుతుంది. గురువు ఇచ్చే పాపవిమోచనం పాపాన్ని తీసేస్తుంది కానీ ఆ పాపం తెచ్చిన చిందరవందరని తనంతట తాను సర్దిపెట్టదు. చిన్నప్పుడు ఉపదేశి తాతగారు మాకు పాపసంకీర్తనంలోని ఐదు మెట్లు వేళ్ళ మీద చెప్పించేవారు. ఆత్మశోధన, పశ్చాత్తాపం, ఇక చేయనన్న నిశ్చయం, గురువు ఎదుట చెప్పుకోవడం, ప్రాయశ్చిత్తం. ఐదో వేలు దగ్గరకి వచ్చేసరికి మనం జపాల లెక్కతో సరిపెట్టేసుకున్నాం. తపస్సుకాలం అంటే నీచు మానడం, శుక్రవారం సిలువ మార్గం, ఆఖర్న మూడు జపాలు. నలభై రోజులూ చేపముక్క ముట్టనివాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకదాన్ని. చేప మానడం నాకెప్పుడూ కష్టం అనిపించలేదు. వెనక వీధికి వెళ్ళడం కష్టం.

2023 తపస్సుకాలంలో మా దగ్గరికి పాపసంకీర్తనాలు వినడానికి ఒక పెద్ద వయసు గురువు వచ్చారు. నేను మామూలు మాటే అన్నాను. ఆయన వెంటనే జపం చెప్పలేదు. "ఎవర్నమ్మా? ఏ మాటతో?" అన్నారు. గురువు విన్నది బయట పెట్టకూడదు గానీ చెప్పుకున్నదాన్ని నేను చెప్పవచ్చు. మొత్తం చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఆ చీటీ దొరికిందని ఆవిడకి తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. నన్ను కసరలేదు. పాపవిమోచనం ఇచ్చారు. ఆ మాట తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళమన్నారు, అంతే.

నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నాకు నేను చెప్పుకున్న సాకులన్నీ ఇక్కడ రాయను. ఒక్కదాన్ని మాత్రం వదిలిపెట్టలేను, ఎందుకంటే అది భక్తి వేషం వేసుకుని వచ్చింది. పాపం దేవుడికి వ్యతిరేకంగా చేసింది, క్షమించేది దేవుడు, మధ్యలో మనుషులెందుకు అని. 51వ కీర్తనలో దావీదు నీకే, నీకొక్కడికే ద్రోహం చేశానని దేవుడితో అంటాడు కదా అని కూడా అనుకున్నాను. తర్వాత ఆ కీర్తన వెనకున్న దావీదు రాజు కథ మళ్ళీ చదివాను. దావీదు తన సైనికుడు ఊరియా భార్యని తీసుకుని, ఊరియాని యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టి చంపించాడు. ఆ తర్వాత నాతాను ప్రవక్త వచ్చి, ధనవంతుడు లాక్కున్న పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. అప్పటికి ఊరియా లేడు. దావీదు వెళ్ళి తట్టడానికి తలుపే మిగల్లేదు. ఆ కీర్తన నాకిప్పుడు చాలా భయంగా వినిపిస్తుంది. నా వదిన బతికే ఉంది, రెండు వందల అడుగుల దూరంలో ఉంది. నేను దావీదు మాటని అరువు తెచ్చుకుని ఆవిడ గుమ్మం తప్పించుకుందామని చూశాను.

ఇంకోటి. ఆవిడ మా గుడి మనిషి కాదు. గ్రామదేవత పండక్కి ఘటం ఎత్తుకునే ఇల్లు వాళ్ళది. దీనివల్ల నాకెంత సులువైందో వెళ్ళేదాకా అర్థం కాలేదు. పూజలో శాంతిని పంచుకునే వేళ వచ్చినప్పుడు నేను చుట్టూ తిరిగి అందరికీ దణ్ణం పెట్టేదాన్ని, ఎవరి దగ్గరా నా చేతులు ఆగలేదు. ఆగవలసిన మనిషి ఆ గుడిలో ఎప్పుడూ కూర్చోలేదు మరి. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ నీ సోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి వెళ్ళు అని మత్తయి సువార్తలో ఉంది. నీకు అతని మీద కాదు, అతనికి నీ మీద. దేవుడు మాత్రం ఆ సోదరుడు ఏ గుడికి వెళ్తాడని అడగలేదు.

ఆ మూడు వారాల్లో నన్ను నిలబెట్టింది పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ డి సేల్స్. మన ఉత్తరాంధ్ర కథోలికులకి ఆయన దూరపువాడు కాదు. ఆయన పేరు మీద 1838లో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆన్నెసీలో మొదలైన సభ గురువులే 1846లో విశాఖపట్నం వచ్చి ఇటు పల్లెల దాకా సువార్త తెచ్చారు. 1993లో విశాఖ నుంచి విడదీసి శ్రీకాకుళం మేత్రాసనాన్ని (బిషప్ పరిధిని) ఏర్పాటు చేశారు. ఫ్రాన్సిస్ 1567 నుంచి 1622 దాకా జీవించాడు, జెనీవా మేత్రాణులుగా (బిషప్‌గా) పనిచేశాడు. మఠాల్లో ఉండేవాళ్ళ కోసం కాక సంసారాల్లో ఉండే మనలాంటివాళ్ళ కోసం 1609లో ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో మన హృదయంతో మనం మెత్తగా ఉండడం గురించి ఒక అధ్యాయం ఉంది. పడిపోయినప్పుడు హృదయాన్ని తిట్టి, కొట్టి, సిగ్గుతో చంపెయ్యవద్దంటాడు. అయ్యో నా పిచ్చి హృదయమా, పడకూడదనుకున్న గోతిలోనే మళ్ళీ పడ్డాం, పద, లేద్దాం అని జాలిగా పలకరించమంటాడు. నా మీద నాకే మండిపోవడం కూడా ఒక గర్వమేనని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేనింత పని చేశానా అని కుమిలిపోవడంలోనూ నేను, నేను, నేను అనే మాటే ఉంది. అందులో వదిన లేదు. మెత్తగా పలకరిస్తేనే మనసు లేచి చెప్పులు వేసుకుంటుంది. తిడితే మూలకి వెళ్ళి కూర్చుంటుంది. మా ప్రసంగాల్లో నరకం గురించి గట్టిగా చెప్పిన ఏడాది పాపసంకీర్తనం వరస పెరగడం నేను చూశాను, నాలాగే పైపైన చెప్పుకుని వచ్చేసినవాళ్ళు ఎందరో నాకు తెలియదు కానీ నా సంగతి నాకు తెలుసు.

ఒక శనివారం సాయంత్రం వెళ్ళాను. ఆవిడ అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంది. పిక్కలు కొట్టేటప్పుడు జీడి అంటకుండా చేతులకి బూడిద రాసుకుంటారు. అయినా గోళ్ళ చుట్టూ నలుపు పోదు. "ఏటొదినా, ఇలాగొచ్చినావు?" అంది. నిలబడే చెప్పాను. 1,500 రూపాయలూ చీటీ చేతిలో పెట్టాను. ఆవిడ డబ్బు వైపు చూడలేదు. చీటీని దీపం బుగ్గ కిందకి తీసుకెళ్ళి, చదవడం రాకపోయినా తన పేరు మీద వేలు పెట్టి చూసింది. పేరు గుర్తుపడుతుంది, సంతకం చేస్తుంది కదా.

"డబ్బుల సంగతి ఒగ్గీ" అంది. "మా ఇంటాయన ఇప్పటికీ అడుగుతాడు. ఆ డబ్బులు మీ పుట్టింటికి అంపేసినావు కదా అని. తాగొచ్చిన్నాడల్లా అదే మాట."

నాకు నోట మాట రాలేదు. ఐదేళ్ళు నేను ఆత్మశోధన చేసుకున్నాను. నా పాపం ఒక మాట అనుకున్నాను, పదిహేను వందలు అనుకున్నాను, ఒక మనిషి సంఘం మానెయ్యడం అనుకున్నాను. ఆ ఇంట్లో రాత్రుళ్ళు జరిగింది నా లెక్కలో లేదు. ఎంతసేపు మోకాళ్ళ మీద ఉన్నా అది నాకు తెలిసేది కాదు. నా పాపం ఎంతో నా దగ్గర రాసి లేదు, ఆవిడ దగ్గర రాసి ఉంది. మనుషుల దగ్గరికి వెళ్ళాలని నేనింత గట్టిగా అనడానికి ఇదే కారణం. వెళ్తేనే గానీ దేవుడిని దేనికి క్షమాపణ అడుగుతున్నామో మనకి తెలియదు.

"నలుగుర్లో అన్నావు కదా, నలుగుర్లోనే సెప్పు" అంది లేస్తూ. "ఆ సీటీ నాకుండనీ."

తర్వాతి సంఘం మీటింగులో చెప్పాను. ఇద్దరు తలలు దించుకున్నారు. "ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకు తవ్వుతావు" అని ఒకావిడ విసుక్కుంది. మినిట్స్ పుస్తకంలో నా చేత్తోనే రాశాను: ఫలానా నెల కిస్తీ ముందే అందింది, పొరపాటు రెండో లీడర్‌ది. అందరూ సంతకాలు పెట్టారు. వదినని మళ్ళీ చేరమని కబురు పంపితే రాలేదు. రావాలని నేను అడగలేను.

ప్రతిదానికీ వెళ్ళి తలుపు తట్టడమే మందని అనను. కొన్ని మాటలు చెబితే ఇంకో ఇల్లు కూలుతుంది, కొందరి దగ్గరికి వెళ్ళడం ప్రమాదం. అలాంటప్పుడు గురువుని అడగాలి, వేరే దారిలో తీర్చుకోవాలి. కానీ మనలో చాలామందికి వెళ్ళగలిగిన గుమ్మం ఒకటి ఉంటుంది, దాని పేరు కూడా తెలుసు. కనీసం ఏడాదికొకసారి పాపసంకీర్తనం చెయ్యాలని 1215లో మేత్రాణులు కూడిన లాటరన్ మహాసభ నియమం పెట్టింది, ఇప్పటికీ ఆ నియమం ఉంది. మనం దాన్ని ఈస్టర్ ముందు రెండు రోజుల్లోకి కుదించి, రెండేసి నిమిషాల్లో తోసేస్తున్నాం. ఈసారి పెద్దల మీటింగులో నేనొకటి అడిగాను. తపస్సుకాలం మధ్యలో ఒక సాయంత్రం మైకు వద్దు, పాటలు వద్దు, ప్రసంగం వద్దు. గుడి తలుపులు తెరిచి ఉంచుదాం, ఒక గురువు కూర్చుంటారు. చెప్పుకున్నవాళ్ళు ఇంటికి కాకుండా, ఎవరి దగ్గరికి వెళ్ళాలో అక్కడికి ఆ రాత్రే వెళ్తారు. జనం రారని ఒకాయన అన్నాడు. పదిమంది వచ్చినా చాలన్నాను. ఇంకా తేల్చలేదు, నేను మళ్ళీ అడుగుతాను.

నా కొడుకు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఆదివారాలు పూజకి వెళ్ళడు. వాడి మనసు తిప్పమని రోజూ జపమాల చెబుతాను, మానను. పునీత అగస్తీను తల్లి మోనికమ్మ ఏళ్ళ తరబడి ఏడ్చి ప్రార్థిస్తే 387 ఈస్టర్ పండక్కి మిలాన్‌లో ఆయన జ్ఞానస్నానం పొందాడు. ఆ తల్లి నాకు ధైర్యం. కానీ పదహారేళ్ళప్పుడు వాడు తెచ్చి ఇచ్చిన చీటీని నేను ప్రార్థన పుస్తకంలో దాచడం వాడు చూశాడు. వాడు గుడికి దూరం కావడానికి అదే కారణమని నేను అనను, వాడు నాతో ఎప్పుడూ అనలేదు. చూశాడని మాత్రం నాకు తెలుసు.

ఆ సంఘం మీటింగు జరిగిన రాత్రి వాడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. పెట్టేశాడేమో అనుకున్నాను.

"ఆ చీటీ ఇప్పుడెక్కడుందమ్మా?" అన్నాడు.

"ఆవిడ దగ్గరే ఉంది నాన్నా. ఇంటాయనకి చూపిస్తానంది."

"చూపించిందా?"

"రేపు వెళ్ళి అడుగుతాను" అన్నాను.